అమ్మాయి లేని పదిహేనో పుట్టినరోజు

సోమవారం ఉదయం ఏడున్నరకు ఒడిలియా సామర్రిపా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒక వీధి, పన్నెండు దుకాణాలు, పన్నెండు సంతకాలు. ఎనిమిదింబావుకి మొదలుపెట్టి దుకాణానికి పావుగంట చొప్పున ఇస్తే పదకొండుంబావుకి పని పూర్తవుతుంది. ఆ తర్వాత చర్చి మూల మీద బండి దగ్గర రెండు టాకోలు తిని, పన్నెండు కొట్టేసరికి బడిలో ఉండొచ్చు. ఇంత చిన్న పథకంలో తప్పు జరగడానికి చోటెక్కడుంది?

చోటు లేదు. అందుకే తప్పు తన చోటు తానే చూసుకుంది.

టెక్సస్ దక్షిణపు అంచున, మెక్సికోని విడదీసే నదికి ఇవతల ఉన్న ఎస్పువేలా ఊరి ప్రాథమిక పాఠశాలలో ఒడిలియా ఉద్యోగం తల్లిదండ్రులకీ బడికీ మధ్య మనిషిగా ఉండటం. జ్వరం వచ్చిన పిల్లాడి తల్లికి ఫోన్ చేయడం నుంచి, బడి పంపిన ఇంగ్లీషు ఉత్తరం తిట్టో పొగడ్తో విప్పి చెప్పడం దాకా అన్నీ ఆమే. కానీ ఆమె ప్రాణమంతా పద్నాలుగో నంబరు గదిలో ఉంది. మంగళ, గురువారాల్లో సాయంత్రం ఐదింటికి అక్కడ ఇరవై ఆరుమంది తల్లులు తమ పిల్లల పక్కనే అదే బల్ల మీద కూర్చుని ఇంగ్లీషు చదవడం, రాయడం నేర్చుకుంటారు. మూడేళ్ల క్రితం ఆ క్లాసు మొదలుపెట్టింది ఒడిలియానే. టీచరునీ పుస్తకాలనీ ఆస్టిన్‌లోని ఒక సంస్థ పంపిస్తుంది.

ఈ ఏడు ఆ సంస్థ కొత్త నిబంధన పెట్టింది. ఊళ్లో పన్నెండుమంది భాగస్వాములు కావాలి. ఒక్కొక్కరూ ఒక్కో బాధ్యత తీసుకోవాలి. శుక్రవారం పదింటికి వాళ్ల మనిషి వచ్చి చూసి, బాగుంటే క్లాసు కొనసాగిస్తారు, లేకపోతే లేదు.

"లేకపోతే లేదు" అన్న మాట ప్రిన్సిపాల్ త్రెవీన్యో గారికి బాగా నచ్చింది. ఆయనకి యాభై ఏళ్లు, పెళ్లి కాలేదు, చొక్కా మీద ముడత ఉంటే రోజంతా ఎవరితోనూ మాట్లాడడు. బడికి కొత్తగా ఆరు పెద్ద ప్రింటర్లు వచ్చాయి, వాటిని పెట్టడానికి ఆయనకి గది కావాలి.

"చూడండి సెన్యోరా సామర్రిపా," అన్నాడు. "నాకు మీ క్లాసు మీద కోపమేం లేదు. పదింటికి ఆవిడ వస్తుంది. పదిన్నరలోపు ఆవిడ సంతకం పడకపోతే ప్రింటర్లు లోపలికి, బల్లలు బయటికి. అంతే."

అందుకే ఈ సోమవారం.

మొదటి దుకాణం దోన్ హిలారియో బేకరీ. ఆ ఊళ్లో మర్యాదకి మగవాళ్ల పేరు ముందు దోన్, ఆడవాళ్ల పేరు ముందు దోన్యా అంటారు. ఆయన మోచేతుల దాకా పిండితో ఉన్నాడు. కాగితం చూడగానే రెండడుగులు వెనక్కి వేశాడు.

"సంతకమా? చూడమ్మా ఒడిలియా, ఇరవై ఏళ్ల క్రితం ఒక కాగితం మీద సంతకం పెట్టాను. ఇప్పటికీ ఎవడో వారం వారం ఫోన్ చేసి తివాచీలు కొంటావా అని చంపుతున్నాడు."

"ఇది తివాచీలది కాదు దోన్ హిలారియో. బడిది. మీరు మాకు స్థానిక భాగస్వామిగా ఉండాలి."

"అంటే?"

"అంటే... బడికీ ఊరికీ మధ్య సహకారం..."

"అంటే?"

ఒడిలియా గోడ గడియారం వంక చూసింది. ఎనిమిదీ ఇరవై ఎనిమిది. ఈ దుకాణానికి ఇంకా రెండే నిమిషాలున్నాయి. అప్పుడు ఆమె నోట్లోంచి ఆ మాట వచ్చింది.

"పద్రీనోగా ఉండటం లాంటిదే అనుకోండి."

దోన్ హిలారియో ముఖం మారిపోయింది. ఎస్పువేలాలో ఆ మాటకి ఉన్న బరువు అలాంటిది. అక్కడ అమ్మాయికి పదిహేనేళ్లు నిండితే చేసే పండుగని కిన్సే అంటారు, అది పెళ్లికి ఏమాత్రం తీసిపోదు. ఏ తండ్రీ దాన్ని ఒంటరిగా మొయ్యడు. కేకు ఖర్చు మోసే మగాయన పద్రీనో, కిరీటం ఖర్చు మోసే ఆవిడ మద్రీనా, సంగీతానికి ఒకరు, చెప్పులకి ఒకరు, ఊరు ఊరంతా తలా ఒకటి నెత్తిన వేసుకుంటుంది. పండుగ రోజు వాళ్ల పేర్లు మైకులో పిలుస్తారు. సగంమంది ఒప్పుకునేది ఆ పిలుపు కోసమే.

"ముందే చెప్పొచ్చుగా తల్లీ!" అన్నాడాయన చేతులు తుడుచుకుంటూ. "దేనికి పద్రీనోని?"

"మీకేది వీలైతే అదే రాయండి."

"నాకేం వీలవుతుంది, కేకు తప్ప?" అని బాధ్యత అన్న గడిలో రాసి, కింద రెండు తోకలున్న సంతకం ఒకటి పడేశాడు.

అది కాదండీ అని ఒడిలియా అప్పుడే అనాల్సింది. కానీ సరిగ్గా ఎనిమిదిన్నర అయింది. పైగా వచ్చే అతిథికి కేకు ముక్క పెడితే తప్పేముంది?

పక్కనే టైర్ల షాపు, దాని యజమాని దోన్ ఎవరీస్తో. ఆయనకి టైర్లతో పాటు పెళ్లిళ్లకి అద్దెకిచ్చే పొడవాటి లిమోజీన్ ఒకటి ఉంది. దోన్ హిలారియోతో ఆయన పోటీ వాళ్ల చిన్నప్పటి బడి పరుగు పందెం దగ్గర మొదలై ఇంకా ఆగలేదు.

"హిలారియో పద్రీనోనా? దేనికి?"

"కేకు అన్నారండీ."

"ఎన్ని అంతస్తులు?"

"నాకు తెలీదండీ."

"వాడికీ తెలీదు. అయిదు చేస్తానని మూడు చేస్తాడు. నా పేరు పక్కన లిమోజీన్ అని రాసుకుంటాను. ఇటివ్వు కాగితం."

వచ్చే అతిథిని బస్టాండు నుంచి తీసుకొస్తారు కాబోలు అనుకుని ఒడిలియా లోలోపల మెచ్చుకుంది.

ఆ తర్వాత పద్రీనో అన్న మాట ఆమె కంటే ముందే వీధిలో నడిచింది. ఆమె గుమ్మం ఎక్కేసరికి కలం పట్టుకుని ఎదురుచూస్తున్నారు. పది నలభై అయిదుకి పన్నెండు సంతకాలూ పడ్డాయి. ఒడిలియా సంతకాల గడి మాత్రం లెక్కపెట్టుకుని, మూడో టాకో కూడా తిని, బడికి వెళ్లిపోయింది. పక్క గడి కూడా చదివే ఓపిక ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది.

మంగళవారం ఫోన్ మోగింది. అటువైపు బ్యూటీ పార్లర్ నెరెయిదా. ఇటువైపు ఒడిలియా ముందు ఒక తల్లి, ఒక అమ్మమ్మ, ముక్కు కారుతున్న ఇద్దరు పిల్లలు.

"ఒసేయ్ ఒడిలియా, రంగు చెప్పనే లేదు నువ్వు!"

"దేనికి రంగు?"

"అన్నిటికీనే! తలా ఒక రంగు తెచ్చి పెడితే సంతలా ఉంటుంది."

అలంకరణకి కాబోలు అనుకుంది. "నీలం. బడి రంగు అదేగా."

"లేత నీలమా, ముదురు నీలమా?"

"అబ్బా, లేతే అనుకో నెరెయిదా, ఇక్కడ పిల్లలు ఏడుస్తున్నారు!"

సాయంత్రానికి ఎస్పువేలాలో లేత నీలం రిబ్బను ఒక్క మూర కూడా దొరకలేదు.

బుధవారం నెరెయిదా స్వయంగా బడికి వచ్చింది. అటూ ఇటూ చూసి తలుపు మూసింది.

"నిజం చెప్పు. అమ్మాయి ఎవరు?"

"ఏ అమ్మాయి?"

"నా దగ్గర కూడానా? పన్నెండుమంది పద్రీనోలు, నీలం రంగు, శుక్రవారం పదింటికి. అమ్మాయి లేకుండా ఇదంతా ఎవరికే?"

ఒడిలియాకి తొంభై ఉత్తరాలు కవర్లలో పెట్టాల్సి ఉంది. "అమ్మాయీ లేదు గిమ్మాయీ లేదు. ఇదంతా త్రెవీన్యో గారి వ్యవహారం. శుక్రవారం ఆయన పరువుకి సంబంధించింది. ఆయన ముందు మాత్రం ఏం ఎత్తకు, ఇప్పటికే చిరాకుగా ఉన్నాడు."

నెరెయిదా చెయ్యి నెమ్మదిగా నోటి మీదికి వెళ్లింది.

"త్రెవీన్యోనా?" అంది గొంతు తగ్గించి. "ఆ ఇస్త్రీ చొక్కానా? పదిహేనేళ్ల నుంచా?"

"ఆ, పదిహేనేళ్ల నుంచి ఇక్కడే ఉన్నాడుగా," అంది ఒడిలియా కవరు అంటిస్తూ.

"ఎవరికీ చెప్పన్లే పాపం," అని ప్రమాణం చేసి నెరెయిదా వెళ్లిపోయింది. చెప్పకూడదనే అనుకుంది కూడా. కానీ ఆమె పార్లర్లో నాలుగు హెయిర్ డ్రయర్లున్నాయి. వాటి కింద తల పెట్టి కూర్చున్నవాళ్లకి చిన్నగా చెబితే వినపడదు. అందుకని నెరెయిదా రహస్యాలన్నీ అరిచి చెబుతుంది.

నాలుగో డ్రయర్ కింద ఉన్నావిడ, ప్రిన్సిపాల్ గారి తల్లి దోన్యా పెర్పెతువా పక్కింటావిడ.

గురువారం ఉదయం తొమ్మిదింటికి దోన్యా పెర్పెతువా బడికి వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్లు, చేతికర్ర, నల్ల శాలువా. ప్రిన్సిపాల్ గది తలుపు కర్రతో తోసుకుని లోపలికి వెళ్లింది. రెండు గదుల మధ్యనున్నది చెక్క గోడ కావడంతో ఒడిలియాకి ప్రతి మాటా వినిపించింది.

"ఎన్నేళ్లు దాచావురా ఎలెఉతేరియో?"

"ఏంటమ్మా?"

"తల్లి దగ్గర! పదిహేనేళ్లు!"

త్రెవీన్యో గారి గొంతు, ఒడిలియా ఎప్పుడూ విననంత చిన్నగా వినిపించింది.

"నీకెవరు చెప్పారు? సరే అమ్మా, ఒప్పుకుంటున్నాను. నువ్వు కట్టిచ్చే తమాలేలు నేను తినడం లేదు. వాచ్‌మన్‌కి ఇస్తున్నాను."

"అది కూడానా!"

కర్ర బల్ల మీద పడిన చప్పుడు. ఆ తర్వాత అసలు సంగతి బయటికొచ్చింది. మనవరాలు, కిన్సే, ఊరంతటికీ తెలిసినా కన్నతల్లికి తెలియని వైనం. త్రెవీన్యో గారు "లేదమ్మా" అని ఏడుసార్లు అన్నాడు. "మగాళ్లందరూ మొదట అదే అంటారు" అని ఆవిడ ఏడుసార్లూ జవాబిచ్చింది. చివరికి, "నేను మనవరాలిని చూడకుండా చావను, రేపు ముందు వరుసలో కూర్చుంటాను," అని తేల్చి చెప్పి వెళ్లిపోయింది.

"సెన్యోరా సామర్రిపా!"

ఒడిలియా ఫైలు పట్టుకుని పరుగెత్తింది. ఇద్దరూ కలిసి కాగితం చూశారు. ఆ పక్క గడిని ఆమె మొదటిసారి పూర్తిగా చదివింది. కేకు. లిమోజీన్. కిరీటం. చిన్నతనానికి వీడ్కోలుగా అమ్మాయికిచ్చే ఆఖరి బొమ్మ. మరియాచి వాయిద్యాలు. ఎత్తు మడమల చెప్పులు. మోకాళ్ల కింద దిండు. డేరా. పూలు. జుట్టు సింగారం. కోడికూర, మోలే పులుసు. వీడియో.

"దీన్ని వెంటనే రద్దు చెయ్యండి," అన్నాడు త్రెవీన్యో గారు.

"చేస్తానండీ. కానీ పండుగ లేదంటే పద్రీనోలు పేర్లు కూడా వెనక్కి తీసుకుంటారు. పన్నెండూ పోతాయి."

"పోనివ్వండి," అన్నాడాయన. ఆ ముఖంలో వారం రోజుల్లో మొదటిసారి ప్రశాంతత కనిపించింది. "రద్దు చేస్తే నా పరువు దక్కుతుంది. చెయ్యకపోతే మీకు పేర్లు దక్కుతాయి. మీ ఇష్టం. ప్రింటర్లు మాత్రం రేపు పొద్దున్నే వరండాలోకి తెప్పిస్తున్నాను."

ఒడిలియా ఆ సాయంత్రం పద్నాలుగో గదిలో ఇరవై ఆరుమందినీ చూసింది. వెనక బల్ల దగ్గర ఒకావిడ ఎనిమిదేళ్ల కూతురి వేలు పట్టుకుని మందు సీసా మీది అక్షరాలు కూడబలుక్కుంటోంది. ఒడిలియా ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.

శుక్రవారం తొమ్మిదిన్నరకి బడి భోజనాల హాలు గుర్తుపట్టలేనట్టుగా ఉంది. డేరా అక్కర్లేదన్నా వినకుండా హాల్లోపలే డేరా వేశారు. కేకుకి నిజంగానే అయిదు అంతస్తులున్నాయి. దోన్ ఎవరీస్తో దాన్ని రెండుసార్లు లెక్కపెట్టి, అడుగున ఉన్నది అట్టపెట్టె అని ప్రచారం చేస్తున్నాడు. ఆయన లిమోజీన్ బడి బస్సులు ఆగే చోటంతా ఆక్రమించింది. మరియాచి పెద్ద దోన్ ఫిదెన్సియో తన బృందంతో ట్రంపెట్ సరిచూసుకుంటున్నాడు. మధ్యలో, నీలం సాటిన్ గుడ్డ కప్పిన సింహాసనం. దాని చుట్టూ రెండు వందలమంది. ముందు వరుసలో దోన్యా పెర్పెతువా, చేతిలో రుమాలు సిద్ధంగా.

వరండాలో తోపుడు బండి మీద ఆరు ప్రింటర్లు.

సరిగ్గా పదింటికి తలుపు తెరుచుకుంది. సంస్థ మనిషి ఇట్సెల్ బారాగాన్ లోపలికి వచ్చింది. ఇరవై ఆరేళ్లు, అయిదడుగులకి ఒక అంగుళం తక్కువ, గుండెలకి హత్తుకున్న ఫైలు. ఆమె వేసుకున్న గౌను లేత నీలం.

ట్రంపెట్లు పేలాయి.

"వచ్చింది!" అని అరిచింది దోన్యా పెర్పెతువా. "చూడండి ఆ ముక్కు! అచ్చం త్రెవీన్యోల ముక్కే!"

ఆ తర్వాత నాలుగు నిమిషాలు ఎవరూ ఎవరినీ ఆపలేకపోయారు. పక్కపక్కనే చెరో బహుమతుల కొట్టు నడిపే మోంతెమయోర్ అక్కచెల్లెళ్లు ఇద్దరూ పరుగున వచ్చారు. అక్క కిరీటం పెట్టింది, చెల్లెలు చేతిలో బొమ్మ పెట్టింది. ఇట్సెల్ సింహాసనం మీద తేలింది. గత నెలలో ఒక బడిలో ఆమె చేత మొక్క నాటించారు, ఇంకో బడిలో మేకపిల్లకి పేరు పెట్టించారు. స్వాగతానికి ఊరూరికీ ఒక పద్ధతి ఉంటుందని సర్దుకుపోయింది.

"చెప్పులు!" అని జనం కేకలు పెట్టారు. కిన్సేలో అమ్మాయికి చదును చెప్పులు విప్పి మడమల చెప్పులు తొడగాల్సింది తండ్రి.

"వెళ్లరా," అంది దోన్యా పెర్పెతువా, కర్ర కొనతో కొడుకు వీపు పొడుస్తూ. "ఈ పనైనా సరిగ్గా చెయ్యి."

ప్రిన్సిపాల్ త్రెవీన్యో, పదిహేనేళ్లుగా ఎవరి ముందూ తల వంచని మనిషి, దిండు మీద మోకాళ్లూని ఆస్టిన్ అధికారిణికి చెప్పులు తొడిగాడు. అవి ఆమెకి రెండు సైజులు పెద్దవి. దిండు ఇచ్చిన పద్రీనో కళ్లు తుడుచుకున్నాడు.

"ధన్యవాదాలు," అంది ఇట్సెల్, కిరీటం పక్కకి జారకుండా పట్టుకుని. "చాలా... ఆప్యాయంగా ఉంది. ఇప్పుడు పని చూద్దామా?" ఫైలు తెరిచింది. "మొదటి భాగస్వామి ఎవరండీ? మీ బాధ్యత ఏమిటి?"

దోన్ హిలారియో లేచి ఛాతీ విరుచుకున్నాడు. "కేకు!"

చప్పట్లు. ఆమె రాసుకుంది.

"రెండో వారు?"

"లిమోజీన్. తొమ్మిది మీటర్లు."

"మూడు?" "కిరీటమండీ." "నాలుగు?" "బొమ్మ."

కలం ఆగిపోయింది. "క్షమించండి," అంది ఇట్సెల్. "ఈ క్లాసు కోసం ఎవరు ఏం చేస్తున్నారో చెప్పండి. ఇందులో చదువెక్కడుంది?"

వరండా వైపు నుంచి తోపుడు బండి చక్రం కిర్రుమంది. త్రెవీన్యో గారు గడియారం చూసుకున్నాడు. పదీ పది.

ఒడిలియా వెళ్లి దోన్ ఫిదెన్సియో చేతిలోంచి మైకు లాక్కుంది.

"అమ్మాయి లేదు," అంది. మైకు కీచుమంది. "ఈ కిన్సే ఎవరిదీ కాదు. తప్పు నాది. సంతకాలు తొందరగా రావాలని పద్రీనోలని అడిగినట్టు అడిగాను."

"అమ్మాయి లేదా!" దోన్ హిలారియో కేక పైకప్పుకి తగిలింది. "నలభై ఎనిమిది గుడ్లు కొట్టాను నేను! ఆ కేకు ఎవరి కోసం మరి?"

"అడుగున అట్టపెట్టెకి గుడ్లెందుకురా?" అన్నాడు దోన్ ఎవరీస్తో.

దోన్యా పెర్పెతువా లేచి నిలబడింది. "అమ్మాయి లేకపోతే ఈ ముక్కు ఎవరిది?"

"మా నాన్నగారిదండీ," అంది ఇట్సెల్ మర్యాదగా. "లారెడోలో ఉంటారు."

"ఇది మోసం!" అంది మోంతెమయోర్ అక్క. వెళ్లి ఇట్సెల్ తల మీంచి కిరీటం ఊడబీక్కుంది. చెల్లెలు బొమ్మ లాక్కుంది. ఇద్దరూ తలుపు ధడేలుమనేలా వేసుకుని వెళ్లిపోయారు. మరికొందరు కుర్చీలు వెనక్కి నెట్టడం మొదలుపెట్టారు.

"కూర్చోండి!" అని అరిచింది ఒడిలియా. ఆమె అలా అరవడం అంతకు ముందెవరూ వినలేదు కాబట్టి కూర్చున్నారు. "అమ్మాయి లేదు, నిజమే. ఇరవై ఆరుమంది తల్లులున్నారు. దోన్ హిలారియో, పోయిన నెల మీ మనవడి గురించి బడి రాసిన ఉత్తరం మీ కోడలు ఎవరినీ అడక్కుండా చదివి మీకు చెప్పిందా లేదా?"

"చెప్పింది," అన్నాడాయన గుర్రుగా. "అప్పట్నుంచి నా ఉత్తరాలు కూడా తనే తెరుస్తోంది."

"ఆ క్లాసుని పదిన్నరకి మూసేస్తున్నారు. ఆ ప్రింటర్లు దానికే వచ్చాయి." ఊపిరి తీసుకుంది. ఇక పోయేదేం లేదు. మెడ నిటారుగా పెట్టి, కిన్సేలో పేర్లు పిలిచే గొంతుతో పిలిచింది. "మంగళ, గురువారాల్లో ఆకలితో కూర్చునే పిల్లలకి రొట్టె ఇచ్చే పద్రీనో... దోన్ హిలారియో బెనవీదెస్!"

దోన్ ఫిదెన్సియో అలవాటు కొద్దీ ట్రంపెట్ ఊదాడు. జనం అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు. దోన్ హిలారియో అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాడు. నిలబడ్డాక గానీ ఆయనకి అర్థం కాలేదు. కానీ మైకులో పేరు పిలిచాక కాదన్న పద్రీనో ఎస్పువేలాలో లేడు. అన్నవాడు ఊళ్లో ఉండలేడు.

"సరే," అన్నాడు. "తీపి రొట్టె. వేడివేడిగా."

"రొట్టె ఎవడైనా ఇస్తాడు!" దోన్ ఎవరీస్తో పిలవకముందే లేచాడు. "ఊరి చివర నుంచి చంటిపిల్లల్ని ఎత్తుకుని నడిచొచ్చే తల్లులకి నా లిమోజీన్! వారానికి రెండుసార్లు! ఇంటి గుమ్మం దాకా!"

"మరి ఆ చంటిపిల్లల్ని ఎవరు చూస్తారు?" అంది ఇట్సెల్. ఆమె కలం మళ్లీ కదిలింది.

"నా పార్లర్‌కి తెండి," అంది నెరెయిదా. "డ్రయర్ల కింద కూర్చోబెడితే ఒక్కడూ కదలడు. వేడి పెట్టన్లే, కంగారు పడకండి!"

ట్రంపెట్. చప్పట్లు. ఇక ఆగలేదు. చెప్పుల కొట్టాయన పాత బల్లలు బాగుచేస్తానన్నాడు. పూలావిడ రాని తల్లుల ఇళ్లకి వెళ్లి కనుక్కుంటానంది. వీడియో ఆయన కళ్లజోళ్లు లేని అమ్మమ్మల కోసం పాఠాల్ని పెద్ద తెర మీద చూపిస్తానన్నాడు. డేరా ఆయన నీడ ఇస్తానన్నాడు, గదికి పైకప్పు ఉందని చెబితే కుర్చీలకి మారాడు. దోన్ ఫిదెన్సియో పాటల కాగితాలు తెచ్చి పిల్లల చేత చదివించి పాడిస్తానన్నాడు. మోలే వండినావిడ వంటల పుస్తకాలు, దిండు ఆయన పెన్సిళ్లు. ఇట్సెల్ సింహాసనం మీద కూర్చుని, పెద్ద చెప్పుల్లో కాళ్లు ఊపుకుంటూ, వేగంగా రాస్తూ పోయింది.

"పదే పేర్లు," అన్నాడు త్రెవీన్యో గారు. గడియారం పదీ ఇరవై నాలుగు. "లెక్క పెట్టుకోండి. ఇద్దరు వెళ్లిపోయారు, పదిమందే. నిబంధన పన్నెండు."

నిజమే. ఒడిలియా హాలంతా చూసింది. ఎవరి వీధీ, ఎవరి దుకాణమూ మిగల్లేదు.

కర్ర నేలకి తగిలింది.

"ఆ గదికి మద్రీనా ఎవరు?" అంది దోన్యా పెర్పెతువా.

"గదికి ఎవరూ లేరండీ."

"నన్ను రాయండి. ఆ గది క్లాసుదే. రోజూ నేనొచ్చి తలుపు దగ్గర కూర్చుంటాను, దాన్ని తీసుకునేవాడెవడో చూస్తాను."

"అమ్మా, మరి ప్రింటర్లెక్కడ పెట్టను?"

"నీ ఆఫీసులో పెట్టుకో. పెళ్లి చేసుకోనివాడికి అంత ఆఫీసెందుకు?"

హాలు నవ్వుతో ఊగిపోయింది. పదీ ఇరవై ఏడు. పదకొండు పేర్లు.

ఇట్సెల్ నెమ్మదిగా ప్రిన్సిపాల్ వైపు తిరిగింది. ఆయన ఇంకా దిండు పక్కనే నిలబడి ఉన్నాడు. విప్పిన ఆమె చదును చెప్పు ఒకటి ఆయన చేతిలోనే ఉంది.

"సార్, మీరు దేనికి బాధ్యులు?"

రెండు వందలమంది ఆయన్నే చూశారు. ఒడిలియా మైకు ఆయన నోటి దగ్గర పెట్టింది. తల్లి కర్ర నేల మీంచి కొంచెం లేచింది. ఆయన చెప్పు వంక చూశాడు, ముందు వరుసలో నోరు తెరిచి చూస్తున్న తల్లుల వంక చూశాడు. ఈ ఊళ్లో ఇంకా పదేళ్లు ఉద్యోగం చెయ్యాలని ఆయనకి గుర్తొచ్చినట్టుంది.

"తాళం," అన్నాడు. "మంగళ, గురువారాలు నేనే తీస్తాను. నేనే వేస్తాను."

ఈసారి ట్రంపెట్ అలవాటు కొద్దీ మోగలేదు. దోన్ ఫిదెన్సియో కావాలనే, బుగ్గలు ఎర్రబడేలా ఊదాడు. పదీ ఇరవై తొమ్మిదికి ఇట్సెల్ బారాగాన్ సంతకం పెట్టి ఫైలు మూసింది. "ఇప్పుడు ఆ కేకు ఎవరైనా కోస్తారా?" అని అడిగింది. కోశాక తేలింది, అడుగు అంతస్తు అట్టపెట్టె కాదు. దోన్ ఎవరీస్తో మూడు ముక్కలు తిని మరీ, ఇంకా నమ్మకం కుదరడం లేదన్నాడు.

మరుసటి సోమవారం ఉదయం ఒడిలియా ఆఫీసు తెరిచేసరికి గుమ్మంలో ఆరుగురు తల్లులు నిలబడి ఉన్నారు, పద్నాలుగేళ్ల కూతుళ్లతో సహా. గత ఏడాదంతా బతిమాలినా క్లాసు వైపు తొంగి చూడనివాళ్లు.

"మేమూ చేరతామమ్మా," అంది ముందున్నావిడ.

ఒడిలియా కళ్లు చెమర్చాయి. అందరికీ కాగితాలిచ్చింది, అందరూ బుద్ధిగా నింపి ఇచ్చారు.

చేరడానికి కారణం అన్న గడిలో ఆరుగురూ ఒకే మాట రాశారు: కిన్సేకి హాలు.